గీతలు పడిన బొమ్మ కథ

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. సంక్రాంతి సెలవుల్లో మామయ్య లండన్ నుంచి తెచ్చిన బ్లూ-రే డిస్కు పెట్టుకుని మనమంతా 'మెట్రోపోలిస్' అనే పాత మూకీ సినిమా చూశాం కదా. సగంలో చిన్నవాడు ఒక ప్రశ్న అడిగాడు. "అమ్మమ్మా, ఇంతసేపూ బొమ్మ అద్దంలా ఉంది. ఇప్పుడేంటి, వానలో చూస్తున్నట్టు గీతలు గీతలుగా ఉంది? డిస్కు పాడైందా?" సినిమా అయ్యాక చెప్తానన్నాను. తీరా అయ్యేసరికి మీరు నిద్రలో జోగుతున్నారు, పొద్దున్నే బస్సెక్కేశారు. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

డిస్కు పాడవలేదు నాన్నా. ఆ గీతలున్న ముక్కలే అందులో అన్నిటికన్నా విలువైనవి. దాదాపు ఎనభై ఏళ్ళ పాటు ఇక దొరకవని అందరూ ఆశ వదులుకున్న ముక్కలు అవి.

ఈ సినిమా జర్మనీలో తయారైంది. తీసినవాడు ఫ్రిట్స్ లాంగ్, కథ రాసినావిడ ఆయన భార్య థియా ఫాన్ హార్బౌ. 1927 జనవరి 10న బెర్లిన్‌లో మొదటిసారి వేసినప్పుడు రెండున్నర గంటల సినిమా. తీసిన కంపెనీ ఊఫా, దీని మీద యాభై లక్షల మార్కులకు పైగా ఖర్చు పెట్టి అప్పుల్లో పడింది. సినిమా మరీ పొడవుగా ఉందన్నారు. అమెరికాలో వేయడానికి తీసుకున్నవాళ్ళు కోశారు, తర్వాత జర్మనీలోనూ కోశారు. చివరికి నాలుగో వంతు పోయింది.

నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు చిన్న హాల్లో తెల్ల దుప్పటి కట్టి ఈ సినిమా వేశారు. గంటన్నరలో అయిపోయింది. నగరం చూసి నోరు తెరిచాను కానీ కథ నాకు అందలేదు. రోట్‌వాంగ్ అనే శాస్త్రవేత్త అసలు ఆడమనిషి రూపంలో మరబొమ్మను ఎందుకు చేశాడు? తనను పోషిస్తున్న యజమాని మీద అతనికి అంత పగ ఎందుకు? పిచ్చివాడు కాబోలు అనుకుని ఇంటికొచ్చాను. ఎన్నో ఏళ్ళు అలాగే అనుకున్నాను.

మొన్న మీతో కలిసి చూసినప్పుడు జవాబు దొరికింది. రోట్‌వాంగ్ ఇంట్లో తెర వెనక ఒక పెద్ద రాతి తల ఉంటుంది, గుర్తుందా? ఆమె పేరు హెల్. రోట్‌వాంగ్ ప్రేమించిన మనిషి. ఆమె అతన్ని వదిలి నగరాధిపతి ఫ్రెడర్సన్‌ను పెళ్ళి చేసుకుంది, కొడుకును కని చనిపోయింది. పోయిన ఆమెను మళ్ళీ తెచ్చుకోవాలనే రోట్‌వాంగ్ ఆ మరబొమ్మను చేశాడు, ఆ పనిలో ఒక చేయి కూడా పోగొట్టుకున్నాడు. అమెరికాలో కోసినవాళ్ళకు హెల్ అన్న పేరు ఇంగ్లీషులో నరకం అనే మాటలా వినిపించింది. అందుకని ఆమెను మొత్తంగా తీసేశారు. పేరుతో పాటు కథకున్న కారణమే పోయింది. ఇది తెలిసినప్పుడు నాకు చాలా బాధేసింది. అన్నేళ్ళు ఒక దుఃఖాన్ని పిచ్చి అనుకున్నాను కదా అని.

మరి ఆ ముక్కలు ఎక్కడ దొరికాయో తెలుసా? జర్మనీలో కాదు, భూగోళానికి ఆ పక్కన, అర్జెంటీనాలో. సినిమాను కోయకముందే ఒక పూర్తి ప్రింటు ఓడెక్కి బ్యూనస్ ఐరిస్ చేరింది. అక్కడ ఒక సినిమా విమర్శకుడు దాన్ని దాచుకున్నాడు. ఆ కాలం రీళ్ళు నైట్రేట్‌వి. తొందరగా అంటుకుంటాయి, అంటుకుంటే ఆర్పడం కష్టం. ఆ భయంతోనే తర్వాత దాన్ని 16 మిల్లీమీటర్ల చిన్న ఫిల్మ్ మీదికి దింపారు. అప్పటికే అరిగిపోయిన రీలును శుభ్రం చేయకుండా దింపడంతో గీతలూ, దుమ్మూ, నూనె మరకలూ బొమ్మతో పాటే అచ్చుపడ్డాయి. పైన అంటిన మురికైతే తుడవొచ్చు. ఇవి బొమ్మలోనే ఉన్నాయి. కంప్యూటర్లతో ఎంత బాగుచేసినా కొన్ని మిగిలిపోయాయి. అక్కడక్కడా బొమ్మ అంచున నల్లపట్టీ కనబడింది కదా, చిన్న ఫిల్మ్‌కు మార్చినప్పుడు ఆ మేరకు బొమ్మ తెగిపోయింది. తెగినచోట నల్లగా వదిలేశారే తప్ప బొమ్మను సాగదీసి దాచలేదు. నాకు ఆ నిజాయితీ బాగా నచ్చింది.

అది పూర్తి సినిమా అని కనిపెట్టిన తీరు మరీ బాగుంటుంది. ఫెర్నాండో పేన్యా అనే సినిమా చరిత్రకారుడికి ఒక ఫిల్మ్ క్లబ్ పెద్దాయన పాత సంగతి ఏదో చెబుతూ, మెట్రోపోలిస్ వేసినప్పుడు బొమ్మ ఎగిరిపడకుండా రెండు గంటలకు పైగా ప్రొజెక్టర్ దగ్గర వేలితో ఫిల్మ్‌ను అదిమి పట్టుకోవాల్సి వచ్చిందన్నాడట. వేరేవాళ్ళయితే అయ్యో పాపం అని ఊరుకునేవారు. పేన్యా మాత్రం రెండు గంటలు అన్న మాట దగ్గర ఆగాడు. లోకంలో తిరుగుతున్న మెట్రోపోలిస్ అంతసేపు ఉండదే! ఏళ్ళ తరబడి ఆ డబ్బాలు చూడాలని ప్రయత్నించాడు. చివరికి 2008లో పావులా ఫెలిక్స్-దిదియే బ్యూనస్ ఐరిస్ సినిమా మ్యూజియం బాధ్యత తీసుకున్నాక, ఇద్దరూ కలిసి ఆ డబ్బాలు తెరిచారు. పోయిందనుకున్న సినిమాలో దాదాపు ఇరవై అయిదు నిమిషాలు అందులో ఉన్నాయి.

ఆ ముక్కలు ఏ సీను తర్వాత ఏది రావాలో ఎలా తెలిసిందని పెద్దమ్మాయి అడుగుతుందని నాకు తెలుసు. పాటల పుస్తకం చెప్పింది తల్లీ. మూకీ సినిమా కాబట్టి హాల్లో వాద్యబృందం వాయించేది. ఆ సంగీతం రాసిన గాట్‌ఫ్రీడ్ హుప్పర్ట్స్ తన స్వరాల పక్కనే, ఇక్కడ ఫలానా మనిషి లోపలికి వస్తాడు, ఇక్కడ తలుపు తెరుచుకుంటుంది అని వెయ్యికి పైగా గుర్తులు రాసుకున్నాడు. బొమ్మలు చెదిరిపోయినా స్వరాలు వరసగా మిగిలాయి. జర్మనీలోని మూర్నావ్ ఫౌండేషన్ వాళ్ళు వాటిని పట్టుకుని సినిమాను తిరిగి పేర్చారు. 2010 ఫిబ్రవరి 12న బెర్లిన్‌లో మళ్ళీ వేస్తే, బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గర జనం చలిలో నిలబడి చూశారు. ఇంత చేసినా రెండు సీన్లు ఇప్పటికీ సరిగా లేవు. చర్చిలో సన్యాసి చెప్పే ప్రసంగం, ఫ్రెడర్సన్, రోట్‌వాంగ్ కొట్టుకునే సీను. అక్కడ తెర మీద అక్షరాలే వచ్చాయి, చూశారుగా.

ముగింపు మీకు నచ్చిందన్నారు. నాకు నచ్చలేదు, ఆ మాటా చెప్పేస్తాను. పది అంకెల గడియారం కింద పది గంటలు ఒళ్ళు హూనం చేసుకునే కూలీల్ని అంత గొప్పగా చూపించి, యజమానీ మేస్త్రీ చేయి కలిపితే అంతా సర్దుకుంటుందనడం నాకు మింగుడుపడదు. లాంగ్ కూడా తర్వాతి కాలంలో ఆ ముగింపు మీద తనకు నమ్మకం లేదన్నాడు. అయినా వరద నీళ్ళు ముంచుకొస్తుంటే పిల్లలంతా, కూలీలకు ధైర్యం చెప్పే మరియా చుట్టూ చేతులు చాచి నిలబడే సీను వచ్చినప్పుడల్లా నా కళ్ళు తడుస్తాయి. బెర్లిన్ పేదవాడల నుంచి వచ్చిన పిల్లలు వాళ్ళు, నిజంగానే ఆ నీళ్ళలో నిలబడ్డారు.

ఇదంతా రాస్తుంటే మన తొలి టాకీ గుర్తొస్తోంది. 1932లో హెచ్.ఎం. రెడ్డి గారు తీసిన 'భక్త ప్రహ్లాద'. సురభి కమలాబాయి గారు లీలావతి. మా అమ్మ చిన్నప్పుడు చూసిందట, అందులో పద్యాలు పాడి వినిపించేది. ఇవాళ దాని ప్రింటు ఎక్కడా లేదు. ఎవరైనా ఏ ఊళ్ళోనైనా అటక మీద ఒక డబ్బా దాచి ఉంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఇక ఆ ఆకాశమంత మేడలు ఎలా కట్టారని అడిగారు. కొన్ని చిన్న నమూనాలు. కెమెరా ముందు అద్దాన్ని ఏటవాలుగా పెట్టి, ఒక పక్కనున్న నమూనా అందులో కనబడేలా చేస్తారు. అద్దం వెనక పూత కొంతమేర గీకేస్తే, ఆ కిటికీలోంచి దూరంగా నిలబడ్డ అసలు మనుషులు కనిపిస్తారు. కెమెరాకు రెండూ కలిసి ఒకే బొమ్మ, మనుషులు మేడ ముందు నిలబడ్డట్టే. ఓయ్‌గెన్ షూఫ్టాన్ కనిపెట్టిన ఉపాయం ఇది.

తాతయ్య గడ్డం గీసుకునే పాత అద్దం ఒకటి తీసి పక్కన పెట్టాను. వేసవి సెలవులకు వచ్చేటప్పుడు అగ్గిపెట్టెలు పోగేసుకుని రండి, మేడ కట్టడానికి. పూత గీకే పని మాత్రం నాది, గాజు గీసుకుంటుంది.

మీ అమ్మమ్మ