చెరువు ఎర్రబడినప్పుడు గాలం

ప్రియమైన పిల్లలకు,

మీలో ఒకరు అడిగిన ప్రశ్న నాకెంతో నచ్చింది. "తాతయ్యా, వానలకు చెరువు నిండి నీళ్లు ఎర్రబడ్డాయి. చెయ్యి ముంచితే నా వేళ్లే నాకు కనిపించడం లేదు. మరి గాలానికి గుచ్చిన ఎర చేపకు ఎలా కనిపిస్తుంది?"

కనిపించదు. ముక్కు దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. అయినా వచ్చి తింటుంది!

రాత్రిపూట ఇంట్లో కరెంటు పోతే మీరేం చేస్తారు? ముందు గోడ వెతుక్కుంటారు. గోడను తడుముకుంటూ నడుస్తారు. నీరు కలకబారినప్పుడు చాలా చేపలు చేసేదీ అదే. నడిచెరువు వదిలి ఒడ్డు పక్కకు, మునిగిన గడ్డిలోకి, చెట్ల మొదళ్ల దగ్గరికి చేరతాయి. ఆ గోడ పక్కనే వాటికి భోజనమూ దొరుకుతుంది. నీరు పెరిగి కొత్తగా మునిగిన నేలలోంచి వానపాములు, పురుగులు బయటపడతాయి కదా.

ఆ చీకటింట్లోనే ఇంకాసేపు ఉండండి. వంటింట్లో ఏం ఉడుకుతోందో వాసన చెబుతుంది. అడుగుల చప్పుడును బట్టి వచ్చేది అమ్మో నాన్నో తెలిసిపోతుంది. చేపకూ ఈ రెండు దారులున్నాయి. వానపాము రసం నీటిలో కలిసి దూరం నుంచే పిలుస్తుంది. దగ్గరికి వచ్చాక ఒంటి పక్క గీత పని మొదలవుతుంది. మొప్ప వెనక నుంచి తోక దాకా సాగే ఆ సన్నని గీత వెంట చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటి లోపల నీరు కాస్త కదిలినా పసిగట్టే సూక్ష్మమైన కేశాలుంటాయి. వానపాము మెలిక తిరిగితే చాలు, కబురు అందుతుంది. అయితే ఆ గీతకు అందేది చేప పొడవుకు ఒకటి రెండింతల దూరమే. అందుకే బురదనీటిలో ఎరను ఊరికే లాగుతూ ఉండకూడదు. చీకట్లో మీ చేతికి అందబోతున్న గ్లాసును ఎవరైనా పక్కకు జరిపేస్తే మీకెలా ఉంటుంది?

జెల్లల దగ్గరికి వచ్చేసరికి నా చీకటిల్లు సరిపోదు. వాటికి మీసాల మీదే కాదు, ఒంటి చర్మమంతా రుచి మొగ్గలుంటాయి. అమెరికా నదుల్లో, చెరువుల్లో ఉండే ఒక రకం జెల్లకు అవి 1,00,000కు పైనే. మన నాలుక మీద ఉండేవి కొన్ని వేలు. ఈదుతున్నంతసేపూ ఒళ్లంతా రుచి తెలుస్తూ ఉండటం ఎలా ఉంటుందో! నేను ఎన్నాళ్లుగా ఆలోచిస్తున్నా నా ఊహకు అందలేదు.

నా చిన్నతనంలో నీళ్లు ఎర్రబడితే పెద్దవాళ్లు చాలామంది గాలాలు చుట్టేసి ఇంటికి పోయేవారు. మా పెదనాన్న మాత్రం అప్పుడే బయల్దేరేవాడు. నీటి అంచుకు నాలుగు బారల ఇవతలే కూర్చునేవాడు. గాలానికి వానపాములను గుత్తిగా గుచ్చి తోకలు వేలాడేలా వదిలేవాడు. బెండును కిందికి జరిపి, ఎరను మునిగిన గడ్డి పక్కన జానెడు లోతులోనే నిలిపేవాడు. మమ్మల్ని గట్టు మీద పరుగెత్తనిచ్చేవాడు కాదు. మాటలకు మాత్రం అడ్డు చెప్పేవాడు కాదు. గాలిలోని మన మాట నీటిలోకి దాదాపు దిగదు. కాలి అదురు మాత్రం నేల గుండా నేరుగా నీటిలోకి పోతుంది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పరుగెడుతుంది, గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగం. ఆ లెక్కలు పెదనాన్నకు తెలియవు, చేప తెలుసు.

మీరు వెళ్లేటప్పుడు పెద్దవాళ్లు తోడు ఉండాలి. నిండిన చెరువులో ఒడ్డు నాని విరుగుతుంది, నిన్నటి గుంట ఇవాళ కనిపించదు. వానల్లో చాలా చేపలు గుడ్లతో ఉంటాయి. పొట్ట ఉబ్బిన చేప పడితే చేతులు తడిపి పట్టుకుని, గాలం మెల్లగా తీసి వదిలేయండి. నోరు లేని ప్రాణి పట్ల ఆ మాత్రం దయ ఉండాలి.

నీరు ఎప్పుడు తేరుకుంటుందని అడుగుతారేమో. ఒక గాజు సీసాలో చెరువు నీళ్లు పట్టి కదపకుండా పెట్టండి. ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. మిల్లీమీటరులో 1,000వ వంతు ఉన్న బంకమట్టి రేణువు రోజంతా దిగినా బెత్తెడు దూరమే దిగుతుంది. గాలికి, అలలకు అదీ మళ్లీ పైకి లేస్తుంది. రోజూ పొద్దున ఆ సీసా వెనక ఒక పుస్తకం పెట్టి చూడండి. అక్షరాలు చదవగలిగిన రోజున నాకు ఉత్తరం రాయండి.

మీ తాతయ్య