కొలతను బట్టే కారు

2012లో అమెరికా ప్రభుత్వం ఒక పెద్ద లక్ష్యం పెట్టుకుంది. 2025 మోడల్ కార్లు వచ్చేసరికి కొత్త బండ్ల సగటు మైలేజీ గ్యాలన్‌కు 54.5 మైళ్లకు చేరాలంది. అంటే లీటరుకు దాదాపు 23 కిలోమీటర్లు. కానీ ఆ లక్ష్యాన్ని సరిగ్గా అందుకున్న బండ్లను షోరూంలో నిలబెడితే, కిటికీ అద్దానికి అంటించే ప్రభుత్వ స్టిక్కర్ మీద సగటున 40 మైళ్ల దగ్గర్లో మాత్రమే కనిపించేది. ఇందులో మోసమేమీ లేదు. రెండూ సర్కారు లెక్కలే, కొలిచిన పద్ధతులే వేరు. ఏసీలో వాడే గ్యాస్‌ను మెరుగుపరిచినందుకు ఇచ్చే మార్కులు కూడా మొదటి అంకెలో కలిసి ఉన్నాయి. ఈ ప్రమాణాల గురించి చదివేటప్పుడు అంకె ఎంత అని కాకుండా, దాన్ని ఎలా కొలిచారని అడగడం మంచిది.

అసలు మైలేజీకీ పొగకూ ఉన్న బంధం ఏమిటి? లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. అది మండితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రం సుమారు 2.3 కిలోలు. పెట్రోల్లోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల ఆ బరువు వస్తుంది. దీన్ని కారులోనే పట్టి ఆపే ఫిల్టరేదీ వాడుకలో లేదు. పెట్రోలు కారు తక్కువ కార్బన్ డయాక్సైడ్ వదలాలంటే తక్కువ పెట్రోలు తాగాలి, అంతే. అందుకే మైలేజీ నిబంధన, కార్బన్ నిబంధన ఒకే నాణేనికి రెండు వైపులు.

నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ మోనాక్సైడ్ సంగతి వేరు. వాటిని పొగగొట్టంలోనే చాలావరకు మార్చేయవచ్చు. 1970 నాటి అమెరికా స్వచ్ఛ వాయు చట్టం కొత్త కార్ల కాలుష్యాన్ని 90 శాతం తగ్గించాలని గడువు పెట్టినప్పుడు, దానికి తగ్గ సాంకేతికత మార్కెట్లో సిద్ధంగా లేదు. కంపెనీలు గగ్గోలు పెట్టాయి, గడువులు కొంత జరిగాయి కూడా. అయినా 1975 మోడళ్లలో కెటలిటిక్ కన్వర్టర్లు, అంటే పొగగొట్టంలోనే విషవాయువులను మార్చేసే పరికరాలు వచ్చేశాయి. ఆ కన్వర్టర్‌కు సీసం విషం లాంటిది, దాని పూతను పనికిరాకుండా చేస్తుంది. దాంతో బంకుల్లో సీసం లేని పెట్రోలు అమ్మక తప్పలేదు. కారు పొగ మీద పెట్టిన నియమం చివరికి ఇంధనాన్నే మార్చేసింది.

మైలేజీ ప్రమాణం పుట్టింది మాత్రం పర్యావరణం కోసం కాదు. 1973లో అరబ్ దేశాలు చమురు ఆపేసిన దెబ్బకు అమెరికా 1975లో చట్టం చేసింది. 1978 మోడల్ కార్లకు గ్యాలన్‌కు 18 మైళ్లు, 1985 నాటికి 27.5 మైళ్లు అని అందులో రాసుకుంది. ప్రతి కారూ అంత ఇవ్వాలని కాదు, కంపెనీ అమ్మిన కార్ల సగటు అంత ఉండాలని.

ఈ సగటు లెక్కలో చిన్న మెలిక ఉంది. లీటరుకు 10 కిలోమీటర్లిచ్చే కారు ఒకటి, 20 ఇచ్చేది ఒకటి ఉంటే సగటు 15 అనుకుంటాం. కానీ రెండూ చెరో 100 కిలోమీటర్లు తిరిగితే మొదటిది 10 లీటర్లు, రెండోది 5 లీటర్లు తాగుతుంది. 200 కిలోమీటర్లకు 15 లీటర్లంటే అసలు సగటు 13.3 మాత్రమే. చట్టం వాడేది ఈ రెండో లెక్కనే. అందువల్ల ఎక్కువ తాగే బండిని కాస్త మెరుగుపరిస్తే వచ్చే లాభం, ఇప్పటికే పొదుపైన కారుకు మెరుగులు దిద్దితే రాదు.

లెక్క బాగానే ఉంది, చిక్కంతా వర్గీకరణలో వచ్చింది. రైతులు, మేస్త్రీలు వాడే బండ్లు కదా అని చిన్న ట్రక్కులకు విడిగా, తేలికైన ప్రమాణం పెట్టారు. కంపెనీలు ఆ సందును వదులుతాయా? కుటుంబాలు తిరిగే బండ్లు ఒక్కొక్కటిగా ట్రక్కుల ఖాతాలోకి చేరాయి. క్రైస్లర్ పీటీ క్రూజర్ చూడటానికి ముచ్చటైన చిన్న కారు. వెనక సీట్లు తీసేస్తే నేల చదునుగా ఉంటుంది కాబట్టి లెక్కల్లో అది ట్రక్కు! ఇప్పుడు అమెరికాలో అమ్ముడయ్యే కొత్త బండ్లలో సగానికి పైగా ఆ ఖాతాలోనివే. చవక పెట్రోలు, జనం అభిరుచి కూడా కారణాలే గానీ, నిబంధన వాటికి బాగా తోడైంది.

2007 చట్టం తర్వాత పద్ధతి మార్చి, నాలుగు చక్రాల మధ్య ఉన్న నేల విస్తీర్ణాన్ని బట్టి ఒక్కో బండికి ఒక్కో లక్ష్యం పెట్టారు. చిన్న కార్ల కంపెనీలు ఊరికే గట్టెక్కకూడదు, కార్లను కుదించి ప్రమాదాల్లో ప్రాణాల మీదకు తేకూడదు అన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ బండి పెద్దదైతే లక్ష్యం సులువవుతుంది. యూరప్ విస్తీర్ణానికి బదులు బరువును ఎంచుకుంది. అక్కడ కారు బరువు తగ్గిస్తే లక్ష్యం ఇంకాస్త కఠినమవుతుంది కాబట్టి, ఆ శ్రమకు దక్కాల్సిన ఫలితంలో కొంత పోతుంది. నా దృష్టిలో రెంటిలో విస్తీర్ణమే నయం. చక్రాలను దూరం జరపాలంటే బండిని కొత్తగా డిజైన్ చేయాలి, బరువు పెంచడం అంత కష్టం కాదు.

ఇక పరీక్ష. కారును రోలర్ల మీద ఎక్కించి, ముందే రాసిపెట్టిన వేగాల ప్రకారం నడుపుతారు. అమెరికా నగర పరీక్షకు ఆధారం ఒకప్పటి లాస్ ఏంజెలెస్ రోడ్ల మీది ప్రయాణం. సుమారు 12 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 31 కిలోమీటర్ల పైచిలుకు, ఏసీ ఆఫ్. స్టిక్కర్ కోసం 2008 మోడళ్ల నుంచి అధిక వేగం, ఎండలో ఏసీ, చలి పరీక్షలను కలిపారు. ప్రమాణం లెక్క మాత్రం పాత పద్ధతిలోనే సాగింది.

ముందే తెలిసిన ప్రశ్నపత్రంతో వచ్చే ప్రమాదం 2015లో బయటపడింది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్లలోని సాఫ్ట్‌వేర్ స్టీరింగ్ కదలికను, వేగాన్ని, ఇంకొన్ని సంకేతాలను చూసి ఇది పరీక్ష అని పసిగట్టేది. అప్పుడు మాత్రమే కాలుష్య నియంత్రణను పూర్తిగా పనిచేయించేది. రోడ్డెక్కాక నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా వెళ్లేవి. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలత పరికరాలను కార్లలోనే పెట్టి రోడ్డు మీద తిప్పడంతో అనుమానం మొదలైంది. యూరప్ 2017 నుంచి కొత్త మోడళ్లకు రోడ్డు మీది పరీక్షను తప్పనిసరి చేసింది.

లక్ష్యం ఎంత ఉండాలో తేల్చేటప్పుడు కూడా కొన్ని ఊహలే నడిపిస్తాయి. మైలేజీ పెరిగితే కిలోమీటరు ఖర్చు తగ్గి జనం ఇంకాస్త ఎక్కువ తిరుగుతారు. ఎంత ఎక్కువ? 2012లో ఆదాలో 10 శాతం ఇలా కరిగిపోతుందనుకున్నారు. 2020లో ప్రమాణాలను సడలించినప్పుడు 20 శాతం అన్నారు. 2022లో మళ్లీ బిగించినప్పుడు తిరిగి 10. ఇంజిన్లు మారలేదు, ప్రభుత్వాలు మారాయి.

లక్ష్యం తప్పితే జరిమానా మొదట్లో గ్యాలన్‌కు ప్రతి పదోవంతు మైలు లోటుకు, అమ్మిన ఒక్కో బండికి 5 డాలర్లు. తర్వాత అది పెరుగుతూ వచ్చింది. కొన్ని ఖరీదైన యూరప్ కంపెనీలు దాన్ని వ్యాపార ఖర్చుగానే చూసి ఏళ్ల తరబడి కట్టాయి. మిగిలినవి లక్ష్యాన్ని దాటిన వాళ్ల దగ్గర క్రెడిట్లు, అంటే వాళ్లకు మిగిలిన మార్కులు, కొనుక్కున్నాయి. 2025 జులైలో వచ్చిన చట్టం ఆ జరిమానాను సున్నా చేసింది. మైలేజీ ప్రమాణం పుస్తకంలో అలాగే ఉంది గానీ, ఆ లోటు పూడ్చుకోవడానికి క్రెడిట్లు కొనాల్సిన అవసరం మాత్రం కంపెనీలకు లేకుండా పోయింది.