నడుముకు కత్తి, బతుకు బియ్యం మీద

1876 మార్చిలో జపాన్ ప్రభుత్వం కత్తి ధరించి బయట తిరగడాన్ని నిషేధించింది. సైనికులకు, పోలీసులకు, రాజలాంఛనాల్లో పాల్గొనే అధికారులకు మాత్రమే మినహాయింపు. జపాన్ యోధుల వర్గమైన సమురాయ్‌ల కథ దీంతోనే ముగిసిందని చాలామంది అంటారు. నన్నడిగితే, వాళ్లను అంతకన్నా గట్టిగా దెబ్బకొట్టింది అదే ఏడాది ఆగస్టులో వచ్చిన ఇంకో ఉత్తర్వు. తరతరాలుగా అందుతున్న జీతాలు ఆపేసి, చేతిలో బాండ్లు పెట్టారు.

ఆ జీతాల మూలం బియ్యంలో ఉంది.

సమురాయ్ అన్న మాట పుట్టిందే ‘సేవ చేయడం’ అనే అర్థమున్న క్రియ నుంచి. తొలినాళ్లలో చాలామంది ఊళ్లోనే ఉండి భూములు చూసుకుంటూ, యుద్ధమొస్తే విల్లు పట్టుకుని గుర్రమెక్కేవాళ్లు. 1588లో అప్పటి జపాన్ పాలకుడు తోయోతోమి హిదేయోషి రైతుల దగ్గరున్న కత్తులన్నీ లాగేసుకున్నాడు. అక్కడి నుంచి పొలం ఒకరిది, కత్తి ఇంకొకరిది. సమురాయ్‌లలో ఎక్కువమంది ప్రభువుల కోటల చుట్టూ పెరిగిన పట్నాలకు కాపురం మార్చారు. జీతం ‘కోకు’ల్లో. మన కుంచం, పుట్టి లాగే ఇదీ ఒక కొలత. ఒక కోకు అంటే సుమారు 150 కిలోల బియ్యం, ఒక మనిషికి ఏడాది తిండి.

1615లో ఒసాకా కోట పడిపోయాక, 1637–38 నాటి షిమబారా తిరుగుబాటు తప్ప, రెండు శతాబ్దాలకు పైగా పెద్ద యుద్ధమే లేదు. వీరులు లెక్కలు రాసే ఉద్యోగులయ్యారు. ఎదోలో, అంటే నేటి టోక్యోలో, అసాకుసా దగ్గర షోగున్ గోదాములుండేవి. షోగున్ అంటే చక్రవర్తి పేరు మీద దేశాన్ని ఏలిన సైనిక పాలకుడు. ఏడాదికి మూడుసార్లు బియ్యం ఇచ్చేవారు. దాన్ని తీసుకుని, అమ్మి, డబ్బు చేసిపెట్టే దళారులు వచ్చే ఏటి బియ్యం మీద అప్పులూ ఇచ్చేవారు. ఆ అప్పులు ఎంత పెరిగాయంటే, 1789లో షోగున్ ప్రభుత్వమే పాత బాకీలు రద్దు చేసింది. దాంతో దళారులు కొత్త అప్పు ఇవ్వడం మానేశారు. కష్టం ఇంకా పెరిగింది.

చిన్న జీతగాళ్ల ఇళ్లు చూడండి. ఎదోలోని అఒయామా పేటలో వెదురు పుల్లలకు కాగితం అతికించి గొడుగులు చేసేవారు. అక్కడే ఒకాచిమాచి పేటలో మార్నింగ్ గ్లోరీ పూలమొక్కలు పెంచి అమ్మేవారు. అసలు కత్తి అమ్ముకుని, ఒరలో వెదురు బద్ద పెట్టుకుని తిరిగినవాళ్లూ ఉన్నారు. పరువు పోకూడదని వాళ్లు పడిన ఆ టెన్షన్ తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

1868లో షోగున్ పాలన పోయి, చక్రవర్తి పేరు మీద మెయిజీ ప్రభుత్వం వచ్చేసరికి ఈ జీతాలు ఖజానాకు మోయలేని భారం. 1873లో నిర్బంధ సైనిక సేవ పెట్టడంతో యుద్ధం సమురాయ్‌ల సొంత వృత్తి కాకుండా పోయింది. 1876లో జీతాల బదులు ఇచ్చిన బాండ్ల వడ్డీ చిన్న జీతగాళ్లకు ఏ మూలకూ చాలలేదు. కుమామోతోలో, హగిలో తిరుగుబాట్లు లేచాయి. 1877లో దక్షిణాన ఉన్న సత్సుమా ప్రాంతపు వీరులు సైగో టకామోరి వెనక నడిచారు. ఒకప్పుడు మెయిజీ ప్రభుత్వాన్ని నిలబెట్టినవాళ్లలో ఆయనా ఒకరు. సెప్టెంబరు 24న కగోషిమాలోని షిరోయామా కొండ మీద ఆయన చనిపోయారు. ఆ కొండను చుట్టుముట్టిన ప్రభుత్వ సైన్యంలో తుపాకులు పట్టిన రైతుబిడ్డలు ఎందరో ఉన్నారు.