మీ పాముకి తోడు కావాలా?

డాలస్‌లో ఉన్న చిన్నీకి, బాబీకి,

ఆశీస్సులు. మీ కార్న్ స్నేక్ (అక్కడ ఇళ్లలో పెంచుకునే విషం లేని పాము) అద్దాల పెట్టెలో ఒక్కతే బిక్కుబిక్కుమంటూ ఉంటోందనీ, తోడుకి ఇంకోదాన్ని తెచ్చి అందులోనే వదలొచ్చా అనీ అడిగారు. వద్దు. రెండో పాము కావాలంటే రెండో పెట్టె కూడా కొనాల్సిందే.

దుకాణంలో రెండు పాములు ఒకదాని మీద ఒకటి చుట్ట చుట్టుకుని ఉంటే ఎంత ప్రేమో అనుకుంటాం. మన రైళ్లలో ఆర్‌ఏసీ టికెట్ ఉంటుంది చూడండి, ఒక సైడ్ లోయర్ బెర్తుకి ఇద్దరు ప్రయాణికులు. దారిన పోయేవాళ్లకి దగ్గరి చుట్టాల్లా కనిపిస్తారు. ఒకాయన కాళ్లు చాపితే రెండో ఆయన ముడుచుకోవాలి, తెల్లవార్లూ ఇద్దరికీ నిద్ర ఉండదు. పాముకి బెర్తు అంటే వెచ్చటి చోటు. మనకిలా దాని ఒంట్లో వేడి పుట్టదు. తిన్న ఎలుక అరగాలంటే పెట్టెలో ఒక కొస 29 నుంచి 31 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఒళ్లు వేడెక్కితే జరిగిపోవడానికి రెండో కొస 24 దగ్గర ఉండాలి. రెండు కొసల్లోనూ దూరి దాక్కోవడానికి ఒక్కో గూడు పెట్టాలి. పాములు రెండైనా మంచి చోటు ఒకటే కాబట్టి రెండూ అక్కడికే చేరతాయి. లేదా పెద్దది ఆక్రమిస్తే చిన్నది చలికొసలో పడుంటుంది, తిన్నది అరక్క కక్కేస్తుంది. రైల్లో అయితే టీటీఈ ఎప్పటికో వచ్చి ఖాళీ బెర్తు చూపిస్తాడు. నాలుగడుగుల పెట్టెలో ఆ ఆశ కూడా లేదు, పైగా కార్న్ స్నేక్ 15, 20 ఏళ్లు బతుకుతుంది. అంత పొడుగు ప్రయాణం ఆర్‌ఏసీ మీద!

గొడవపడితే తెలుస్తుంది కదా అంటారేమో. పాములు అరవవు, మొరగవు. ఓడింది తిండి మానేస్తుంది, అంతే.

అసలు ప్రమాదం తిండి వేళ. ఒకే ఎలుకని చెరో వైపు నుంచీ పట్టాయనుకోండి. పాము పళ్లు లోపలికి వంగి ఉంటాయి, పట్టింది వదలడం కష్టం. మింగుతూ మింగుతూ ముఖాలు ఎదురైతే ఒకటి రెండోదాన్ని కూడా మింగడం మొదలెడుతుంది. అప్పుడు రెండూ చావొచ్చు. విడిగా తినిపించి వెంటనే కలిపినా మూతికి ఎలుక వాసన ఉంటుంది, రెండోది ఆ తలనే కాటు వేస్తుంది. ఇక కింగ్ స్నేక్ అని అక్కడే పెంచే ఇంకో రకం ఉంది, దానికి సాటి పామే భోజనం. దాన్ని పక్కన పెట్టే ఆలోచనే వద్దు.

పెట్టెలో కక్కిన ఎలుక కనిపిస్తే ఏది కక్కిందో ఎలా చెబుతారు? ఒక్కతే ఉంటే, పది పన్నెండు రోజులు తిండి ఆపి, తర్వాత మామూలుకన్నా చిన్న ఎలుక ఇచ్చి చూడొచ్చు. పదే పదే కక్కుతూ నడిమి ఒళ్లు ఉబ్బితే క్రిప్టో అనే పొట్ట జబ్బేమోనని పశువైద్యుడికి చూపించాలి. అది రెట్ట ద్వారా అంటుకుంటుంది, నమ్మదగిన మందు లేదు. అందుకే కొత్త పాముని 90 రోజులు వేరే గదిలో ఉంచండి. కింద పేపర్ టవల్ పరిస్తే రెట్టా, నల్ల చుక్కల్లాంటి గోమార్లూ స్పష్టంగా కనిపిస్తాయి. ముందు పాత పాము పని, తర్వాతే కొత్తదాని పని. పటకారు, నీళ్ల గిన్నె దేనికది వేరు.

ఆడా మగా అయితే ఇంకో తంటా. పూర్తిగా ఎదగని ఆడపాము గుడ్లు కడుతుంది, అవి లోపలే ఇరుక్కుంటే ప్రాణం మీదికొస్తుంది.

మన ఊళ్లలో రెండు జెర్రిపోతులు పెనవేసుకుని నిక్కితే సయ్యాట అని కొత్త గుడ్డ కప్పడానికి పరుగెత్తేవారు. చాలాసార్లు అవి రెండూ మగవే! ఎదుటిదాని తల నేలకి వంచాలని కుస్తీ, కాట్లుండవు. ఓడింది పక్కకి పోతుంది. పెట్టెలో అయితే ఎటు పోతుంది? (ఇక్కడ జెర్రిపోతునైనా నాగునైనా పట్టి పెంచుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మీ అన్నయ్య అడిగాడు కాబట్టి రాస్తున్నాను.)

అయితే పాములన్నీ ఒంటరివే అనను. కెనడాలో మానిటోబా రాష్ట్రం, నార్సిస్ దగ్గర సున్నపురాయి గుంటల్లో గార్టర్ పాములు వేలకు వేలు కలిసి చలికాలం గడుపుతాయి. ఏప్రిల్ చివర, మే నెలలో బయటికొచ్చి నేల కనబడకుండా పాకుతుంటాయి. అదెందుకో, మీదానికెందుకు అక్కర్లేదో రాస్తే ఉత్తరం తెగదు. వీలైతే వెళ్లి చూడండి.

ఈ లోగా ఓ పని చెయ్యండి. వారం రోజులు పొద్దున్నా, సాయంత్రం, పడుకోబోయే ముందు పాము ఏ కొసలో ఉందో పుస్తకంలో రాయండి. ఎప్పుడూ ఒకే కొసలో ఉంటే రెండు కొసల్లోనూ నేల మీద థర్మామీటర్ పెట్టి, అంకెలు నాకు పంపండి.

మీ తాతయ్య