హస్తప్రయోగంతో పిచ్చెక్కుతుందా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఓపీకి ఒక డిగ్రీ కుర్రాడు వాళ్ళమ్మతో వచ్చాడు. నిద్ర లేదు, గుండె దడ, నీరసం. అమ్మని బయట కూర్చోబెట్టాక, చొక్కా గుండీ తిప్పుకుంటూ, "చేతి అలవాటుంది సార్, పిచ్చెక్కుతుందా?" అన్నాడు. సైకియాట్రిస్టుగా ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఈ భయాన్ని పెంచి పోషించినవాళ్ళలో మా వృత్తి పెద్దలే ఉన్నారు.

అపోహ: హస్తప్రయోగం వల్ల మతి చలిస్తుంది.

వాస్తవం: చలించదు. 18వ శతాబ్దం మొదట్లో లండన్‌లో 'ఒనానియా' అనే పుస్తకం రచయిత పేరు లేకుండా వచ్చింది, ఈ అలవాటుతో వచ్చే రోగాలంటూ ఓ పెద్ద చిట్టా చదివి, వాటికి మందు కూడా అమ్మింది. 1760లో స్విట్జర్లాండ్ డాక్టర్ టిస్సో పుస్తకంతో ఆ మాటకి వైద్యశాస్త్రం అండ దొరికింది. అమెరికాలో డాక్టర్ బెంజమిన్ రష్ 1812లో దీన్ని పిచ్చికి కారణాల్లో చేర్చాడు, ఇంగ్లండ్‌లో సైకియాట్రిస్టు హెన్రీ మాడ్స్‌లీ 1868లో ఏకంగా ఓ ప్రత్యేకమైన పిచ్చిగానే వర్ణించాడు.

ఇంత చదివినవాళ్ళు ఎక్కడ పొరబడ్డారు? పిచ్చాసుపత్రుల్లో జబ్బు ముదిరి సిగ్గు, స్పృహ లేని రోగులు అందరి ముందే చేసుకునేవాళ్ళు, అది డాక్టర్ల కంట పడింది. బయట మామూలు మనుషులు తలుపులేసుకుని చేసేది ఎవరి కంటా పడలేదు, లెక్కలోకీ రాలేదు. పైగా స్కిజోఫ్రీనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బులు చాలామందిలో బయటపడేదీ యుక్తవయసులోనే, దాంతో నింద అలవాటు మీద పడింది. 1948లో లైంగిక అలవాట్ల మీద అమెరికా పరిశోధకుడు కిన్సే నివేదిక వచ్చేసరికి, అక్కడి మగవాళ్ళలో నూటికి 90 మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు చేసినవాళ్ళేనని తేలింది. మరి అందరికీ పిచ్చెక్కాలిగా!

ఈ నమ్మకం ఖరీదు మనుషులు కట్టారు. లండన్ సర్జన్ ఐజాక్ బేకర్ బ్రౌన్ హిస్టీరియా, మూర్ఛ, పిచ్చి ఈ అలవాటు వల్లే వస్తాయని నమ్మి, వాటిని తగ్గిస్తానని ఆడవాళ్ళ యోనిశీర్షం (క్లిటోరిస్) కోసేసేవాడు. 1867లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం అతన్ని వెలేసింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవుతుంది.

అపోహ: ఒక్క చుక్క వీర్యం నలభై చుక్కల రక్తంతో సమానం.

వాస్తవం: రక్తం వీర్యంగా మారదు. అందులో ఎక్కువ భాగం ప్రోస్టేట్, దాని పక్కనుండే గ్రంథులు తయారుచేసే ద్రవమే. టిస్సో కూడా ఇలాంటి నలభై లెక్కే చెప్పాడు. మన దేశంలో ఈ భయంతోనే నీరసించిపోయే పరిస్థితికి 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 'ధాతు సిండ్రోమ్' అని పేరు పెట్టారు. లాడ్జి గదుల్లో "నరాల బలహీనత" అని చెప్పి వేలకు వేలు గుంజేవాళ్ళు బతికేది దీని మీదే.

అపోహ: అయితే ఎంత చేసినా సమస్యే కాదు.

వాస్తవం: ఆపుకోవాలన్నా ఆపుకోలేక చదువు, ఉద్యోగం, కాపురం దెబ్బతింటుంటే డాక్టర్‌ని కలవండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఆ కుర్రాడిది ఆందోళన జబ్బు, తగ్గేదే. లేచి వెళ్తూ, "అమ్మకి ఏం చెప్పమంటారు సార్?" అన్నాడు. టెన్షన్ అని చెప్పమన్నాను, అది నిజమే కదా.