జెండా ఎందుకు మారుతుంది?

తిరుపతి

చిరంజీవులైన పిల్లలకు,

బ్రహ్మోత్సవాల మొదటిరోజు కొండమీద ధ్వజస్తంభానికి గరుడ పటం ఎక్కుతుంది. దానిమీద అక్షరం చదవాల్సిన పనిలేదు, చూడగానే ఉత్సవం మొదలైందని తెలిసిపోతుంది. దేశం జెండా పనీ అదే. దూరం నుంచి చూసినవాళ్లకి ఎవరిదో తెలియాలి, ఆ దేశంవాళ్లకి ‘ఇది మాది’ అనిపించాలి. ఈ రెంటిలో ఏది తప్పినా మార్చాల్సి వస్తుంది.

దక్షిణాఫ్రికా పాత జెండా నడుమ మూడు చిన్న జెండాలుండేవి. ఒకటి బ్రిటన్‌ది, రెండు అక్కడి తెల్లవాళ్ల పాత రాజ్యాలవి. ఎక్కువమందైన నల్లవాళ్లకు అందులో చోటే లేదు. అందరూ ఓటేసిన 1994 ఏప్రిల్ 27న ఆరు రంగుల కొత్త జెండా ఎగిరింది. కెనడా కూడా బ్రిటన్ గుర్తున్న జెండాను పక్కనబెట్టి, 1965 ఫిబ్రవరి 15న మేపుల్ ఆకు జెండా ఎత్తింది. యూరప్‌లోని చిన్న దేశం లీచ్టెన్‌స్టెయిన్ చిక్కు వేరు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో తమ జెండా, హైతీ జెండా ఒకేలా ఉన్నాయని తెలిసి, మరుసటేడు కిరీటం బొమ్మ చేర్చుకున్నారు.

మన జెండా సంగతి మీ చేత్తోనే చూడండి. పలచటి కాగితం మీద రాట్నం గీసి, తిప్పి వెలుతురుకు పట్టండి. ఎడమనున్న చక్రం కుడికి పోతుంది, కుడినున్న కదురు ఎడమకొస్తుంది. 1931 కాంగ్రెస్ జెండాలో ఉన్నది రాట్నమే. జెండా రెండువైపులా ఒకేలా కనబడాలి కదా! 1947 జులై 22న రాజ్యాంగ సభలో నెహ్రూ ఈ ఇబ్బంది చెప్పారు. రాట్నానికి గుర్తుగా చక్రాన్ని ఉంచి, దానికి సారనాథ్ అశోక చక్రం రూపమిచ్చారు. ఒక పార్టీ గుర్తు దేశమంతటి గుర్తయింది కూడా అప్పుడే.

ఇంట్లో గీసేటప్పుడు 45 సెంటీమీటర్ల పొడవు, 30 ఎత్తు తీసుకోండి. ఒక్కో పట్టీ 10, కాషాయం పైన. తెలుపు నడుమ చక్రం అడ్డకొలత 9. చాలామంది తప్పేది చక్రం ఆకుల దగ్గరే, అంటే కేంద్రం నుంచి అంచుకు వెళ్లే గీతల దగ్గర. కంటి అంచనాతో గీస్తే లెక్క తప్పొచ్చు. కోణమానిని పెట్టి 15 డిగ్రీలకొక చుక్క పెడితే సరిగ్గా 24 వస్తాయి. చక్రం నడిమధ్యన గుండుసూది గుచ్చండి. వెనకవైపు చక్రానికీ అదే కేంద్రం.

ఆశీస్సులతో,
మీ తాత