రిపోర్టులో క్రిమి పేరు ఉంటే శాంపిల్‌లో క్రిమి ఉన్నట్టేనా? డీఎన్ఏ పరీక్షల మీద అపోహలు - వాస్తవాలు

నా పని శాంపిల్ ట్యూబులతో కాదు, వాటిలోంచి వచ్చిన డీఎన్ఏ అక్షరాలతో. సీక్వెన్సింగ్ మెషిన్ ఒక్కో శాంపిల్‌కి లక్షల కొద్దీ చిన్న ముక్కలు చదివి ఇస్తుంది (మేం వాటిని రీడ్స్ అంటాం). వాటిలో ఏది మనిషిది, ఏది బ్యాక్టీరియాది, ఏది దారిలో ఎక్కడో అంటుకున్నది అని ప్రోగ్రాములతో తేల్చడమే రోజంతా నేను చేసేది. చుట్టాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా నన్ను అడిగే ప్రశ్నల్లో కొన్ని అపోహలు పదే పదే కనిపిస్తుంటాయి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: సాఫ్ట్‌వేర్ ఫలానా క్రిమి అని చెప్పిందంటే అది అక్కడ ఉన్నట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. 2014లో వచ్చిన క్రాకెన్ అనే ప్రోగ్రామ్‌నే తీసుకోండి. అది ప్రతి రీడ్‌లోని 31 అక్షరాల ముక్కల్ని ఒక్కొక్కటిగా తీసుకుని, ఆ ముక్క ఏయే జీవుల్లో ఉందో ముందే తయారు చేసి పెట్టుకున్న పట్టికలో వెతుకుతుంది. చాలా వేగంగా చేస్తుంది, నాకు ఎంతో ఇష్టమైన ప్రోగ్రామ్ కూడా. కానీ అది చెప్పేది "ఈ ముక్క ఈ పట్టికలో ఫలానా పేరుతో కలిసింది" అని మాత్రమే. 2015లో న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లలో తుడిచి తీసిన శాంపిళ్లలో ప్లేగు, ఆంత్రాక్స్ బ్యాక్టీరియాల డీఎన్ఏ కనిపించిందని ఒక అధ్యయనం వచ్చింది, పేపర్లన్నీ హోరెత్తిపోయాయి. తర్వాత అంత గట్టిగా చెప్పడానికి ఆధారం లేదని ఆ పరిశోధకులే తమ పేపర్‌ని సవరించుకున్నారు. ఆంత్రాక్స్ బ్యాక్టీరియాకి మట్టిలో మామూలుగా బతికే దగ్గరి చుట్టాలు ఉన్నాయి, వాటి డీఎన్ఏలో చాలా భాగం ఒక్కటే.

అందుకే నేను పేరు పక్కనున్న సంఖ్య చూసి ఊరుకోను, ఆ రీడ్స్ జీనోమ్ (అంటే ఆ క్రిమి మొత్తం డీఎన్ఏ) మీద ఎక్కడెక్కడ పడ్డాయో బొమ్మ గీయిస్తాను. 50 లక్షల అక్షరాల జీనోమ్‌కి 400 రీడ్స్ వచ్చాయనుకోండి. క్రిమి నిజంగా ఉంటే వాకిట్లో తొలకరి చినుకులు పడ్డట్టు ఇక్కడొకటి అక్కడొకటి, వాకిలంతా పడాలి. అలా కాకుండా చూరు కింద ఒక్కచోటే తడిసినట్టు నాలుగొందలూ ఒకే మూల కుప్పపడ్డాయంటే, ఆ ముక్క వేరే జీవిది అయ్యుండొచ్చు, లేదా డేటాబేస్‌లోనే (ఇందాకటి పట్టికలోనే) తప్పుండొచ్చు. ఆ బొమ్మ చూడకుండా రిపోర్ట్ మీద నేను సంతకం పెట్టను.

అపోహ: డేటాబేస్ ఎంత పెద్దదైతే ఫలితం అంత కచ్చితం.

పెద్దదిగా ఉండటం కంటే శుభ్రంగా ఉండటం ముఖ్యం. బ్యాక్టీరియా జీనోములని దాచిపెట్టిన ఫైళ్లలో మనిషి డీఎన్ఏ ముక్కలు కలిసిపోయి ఉంటాయి, అది చదివినప్పుడు ల్యాబ్‌లో అంటుకున్నది. అప్పుడు రోగి సొంత డీఎన్ఏ వెళ్లి ఆ ముక్కతో కలుస్తుంది, పేరేమో బ్యాక్టీరియాది వస్తుంది. కణితుల్లో ఉన్న సూక్ష్మజీవుల డీఎన్ఏని బట్టి అది ఏ క్యాన్సరో మెషిన్ లెర్నింగ్‌తో చెప్పొచ్చని 2020లో నేచర్ పత్రికలో వచ్చిన పేపర్ సంగతి ఇదే. 2023లో వేరే బృందం అదే డేటాని మళ్లీ లెక్కేస్తే, బ్యాక్టీరియావి అని లెక్కపెట్టిన రీడ్స్‌లో చాలా భాగం మనిషివే అని తేలింది. పైగా లెక్కలు సరిచేసే దశలో ఏ క్యాన్సర్‌కి ఆ క్యాన్సర్ గుర్తు డేటాలోకి చేరిపోయింది, మోడల్ నేర్చుకున్నది దాన్ని. 2024లో పేపర్‌ని వెనక్కి తీసుకున్నారు.

అపోహ: నాలుగు రీడ్స్ వస్తే పట్టించుకోనక్కర్లేదు, వేలల్లో వస్తే ఖాయం.

రెండూ తప్పే. 2014లో అమెరికాలో మెదడువాపుతో ప్రాణం మీదికి వచ్చిన 14 ఏళ్ల అబ్బాయి కేసు ప్రచురించారు. వెన్నులోంచి తీసిన నీటిని సీక్వెన్స్ చేస్తే 30,63,784 రీడ్స్‌లో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియావి 475 మాత్రమే, శాతంలో చెప్పాలంటే 0.016. కానీ ఆ 475 చాలు. పెన్సిలిన్‌తో వైద్యం చేశారు, అబ్బాయి కోలుకున్నాడు.

ఇప్పుడు దానికి పూర్తి ఎదురు సంగతి. ఒకసారి నా దగ్గరికి అలాంటి వెన్ను నీటి శాంపిల్ డేటానే వచ్చింది, బ్యాక్టీరియాల్లో మొదటి పేరు బ్రాడీరైజోబియం, వేల రీడ్స్. అది వేరుశనగ మొక్క పీకితే వేళ్లకు కనిపించే బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా! వార్డులోంచి అప్పటికే రెండు ఫోన్లు వచ్చాయి, టెన్షన్‌గానే ఉంది. అదే బ్యాచ్‌లో శాంపిల్ బదులు ఉత్త నీళ్లు పోసి నడిపిన ట్యూబ్ డేటా తెరిచాను, అందులోనూ అదే పేరు, అంతే మోతాదులో. డీఎన్ఏ తీసే కిట్లలో, శుద్ధి చేసిన నీళ్లలో ఇలాంటి మట్టి బ్యాక్టీరియాల డీఎన్ఏ ఉంటుందని ఎప్పుడో తెలిసిన విషయమే. శాంపిల్‌లో అసలు సరుకు ఎంత తక్కువుంటే ఈ కల్తీ అంత పెద్దగా కనిపిస్తుంది. నీళ్ల ట్యూబ్ నడపని బ్యాచ్ వస్తే మాత్రం ఏ ప్రోగ్రామ్ వాడినా నాకు నమ్మకం కుదరదు.

అపోహ: పీసీఆర్ కిట్ ఒకసారి తయారైతే ఎప్పటికీ పనిచేస్తుంది.

పీసీఆర్ అంటే క్రిమి డీఎన్ఏలో ఒక ముక్కని ఎన్నో కాపీలు తీసి పట్టుకునే పరీక్ష. అందులో వాడే ప్రైమర్ అంటే సుమారు ఇరవై అక్షరాల చిన్న ముక్క, క్రిమి డీఎన్ఏకి అతుక్కోవాలి. దాని మొదట్లో ఒక అక్షరం కలవకపోయినా పని నడిచిపోతుంది, కాపీ మొదలయ్యే చివర కలవకపోతే మాత్రం చాలాసార్లు కాపీ సరిగ్గా మొదలవ్వదు. క్రిములేమో మారుతూనే ఉంటాయి. 2020 చివర్లో బ్రిటన్‌లో ఆల్ఫా కోవిడ్ వచ్చినప్పుడు ఎస్ జీన్‌లో 6 అక్షరాలు ఎగిరిపోవడంతో మూడు జీన్లు చూసే ఒక కిట్‌లో ఎస్ రావడం మానేసింది. మిగతా రెండూ పట్టుకోబట్టి సరిపోయింది. టీబీలో ఇంకా బాధ కలిగించే ఉదాహరణ ఉంది. మన దగ్గర సీబీనాట్ అనే పరీక్ష, రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో ఆర్‌పీఓబీ జీన్‌లోని 81 అక్షరాల ముక్కలో చూస్తుంది. ఆఫ్రికాలోని స్వాజీలాండ్‌లో (ఇప్పుడు ఎస్వాటిని) 2009 సర్వేలో దొరికిన మొండి టీబీ క్రిముల్లో దాదాపు 30 శాతంలో మార్పు ఆ 81 అక్షరాల అవతల ఉంది. పరీక్ష సరిగ్గానే నడిచింది, చూసిన చోట మార్పు లేదని చెప్పింది, రోగికి పనిచేయని మందు ఇచ్చే పరిస్థితి వచ్చింది.

కంప్యూటర్ నిజంగా ఆదుకునేది ఇక్కడే. కొత్త జీనోములు వచ్చినప్పుడల్లా వాటిని ప్రైమర్ల కింద వరుసగా పేర్చి చూస్తాం. తెర మీద కలిసిన అక్షరాలన్నీ చుక్కలు, కలవనిది మాత్రం అక్షరం. చివరి నిలువు వరుసలో చుక్కల మధ్య ఒక 'టీ' కనిపించిందంటే, ల్యాబ్‌లో ఒక్క పరీక్ష తప్పకముందే కిట్ మార్చమని చెప్పొచ్చు.

అపోహ: పాజిటివ్ అంటే క్రిమి బతికే ఉంది.

డీఎన్ఏకి చావు తెలీదు. టీబీ మందులు పూర్తిగా వాడినవాళ్లలో కూడా తర్వాత పాజిటివ్ రావచ్చు. దీన్ని ఏ లెక్కా సరిచేయలేదు, కల్చర్ పెట్టాలి (క్రిమి ల్యాబ్‌లో పెరుగుతుందేమో చూడాలి), రోగిని చూడాలి.

అపోహ: నెగెటివ్ వస్తే ఏమీ లేనట్టే.

రక్తంలోంచి వచ్చే రీడ్స్‌లో దాదాపు అన్నీ మనిషివే, క్రిమికి మిగిలేది చిటికెడు. శాంపిల్ తీసేలోపే యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఉంటే ఆ చిటికెడూ తగ్గిపోతుంది. శాంపిల్ పంపే సిస్టర్లని, డాక్టర్లని నేను అడిగేది ఒకటే: ఏ మందు ఇచ్చారు, ఏ రోజు నుంచి ఇస్తున్నారు, ఫారం మీద రాసి పంపండి, రెండు రీడ్స్ వచ్చినప్పుడు వాటిని పక్కన పడేయాలా, రాత్రి కూర్చుని మళ్లీ వెతకాలా అన్నది నేను ఆ వివరం చూసే నిర్ణయించుకుంటాను.